పిల్లి మీసం

"ఉప్పయ్యుంటుందిలే" అంది పెద్దక్క, ఇంకా మైక్రోస్కోపులో కన్ను పెట్టకముందే.

చల్లగదిలో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. అప్పటిదాకా ఆ గది పెళ్ళివారిల్లులా ఉంది. కొత్తమ్మాయి ప్లేటులో, అదీ మొట్టమొదటి ప్లేటులో, ఓ మూల చుక్కలో స్ఫటికాలు వచ్చాయన్న కబురు ల్యాబంతా పాకింది. స్టోరు చూసే బాబాయితో సహా అందరూ స్వెట్టరైనా వేసుకోకుండా వచ్చి గుమిగూడారు. పెద్దక్క మాత్రం చేతులకున్న గ్లవుజులు తీసి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ వచ్చింది. తొందరేముంది? తన స్ఫటికాలు కావు కదా.

ఉప్పనుకోవడానికి వీలు లేకపోలేదు. ప్రోటీను ఆకారం చూడాలంటే ముందు దాన్ని స్ఫటికంగా గడ్డకట్టించాలి. గడ్డకట్టడానికి ప్లేటు గుంటల్లో చుక్క చుక్కగా నానా రకాల ఉప్పునీళ్ళు కలపాలి. చాలాసార్లు ప్రోటీను అలాగే ఉండిపోయి ఆ ఉప్పే గడ్డకట్టి తళతళా మెరుస్తూ కూర్చుంటుంది. అలా మోసపోనివాళ్ళు ఈ పనిలో లేరు. అందుకే ఎవరికైనా స్ఫటికం వచ్చిందంటే పక్కబల్ల వాళ్ళ నోట ముందుగా వచ్చే మాట అదే. జాగ్రత్త చెప్పడం అంటారు దాన్ని. అందులో జాగ్రత్త పాలెంతో, కడుపుమంట పాలెంతో అన్నవాళ్ళకే ఎరుక.

పెద్దక్క వంగి చూసింది. చుక్క మధ్యలో మూడు కడ్డీలు, పెద్దది, మధ్యది, చిన్నది. అంచులు గీత గీసినట్టున్నాయి. చూడగానే తెలిసిపోయింది ఆవిడకి, ఉప్పు కాదు. ఇలాంటి కడ్డీల కోసం ఆవిడ ఎన్ని వందల ప్లేట్లలో కళ్ళు కాయలు కాచేలా వెతికిందో ఆ గదిలో అందరికీ తెలుసు. తల ఎత్తకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది, ఎత్తితే మొహం కనిపిస్తుందని.

ఈలోగా మాస్టారు వచ్చారు. ల్యాబు ఆయనది. ఉప్పో కాదో విరిచి చూస్తే తేలిపోతుంది కదా అంటూ, అందరిలోకీ చెయ్యి తిరిగినది పెద్దక్కే కనక సన్నసూది ఆవిడ చేతికే ఇచ్చారు. ఉప్పైతే సూది కింద టప్పున పగులుతుంది. ప్రోటీనైతే చప్పుడు లేకుండా మెత్తగా విడిపోతుంది. విరవాల్సింది చిన్నదాన్ని. ఏ ల్యాబులోనైనా అదే పద్ధతి, మంచిదాన్ని దాచుకుని అల్పమైనదాన్ని వదులుకుంటారు. పెద్దక్క సూది మొన చిన్నదాని దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత పక్కకి జరిగి పెద్దదాని నడుం మీద దిగింది.

చప్పుడు రాలేదు. కడ్డీ మెత్తగా, గోరువెచ్చటి వెన్నలా విడిపోయింది.

"ప్రోటీనే" అంది పెద్దక్క.

ఆ పైన ఎవరూ ఆవిడ మాట వినిపించుకోలేదు. నక్కతోక తొక్కొచ్చావే అమ్మాయ్ అన్నాడు బాబాయి. మాస్టారు కొత్తమ్మాయి కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించి, "హస్తవాసి అంటే ఇదీ" అన్నారు. పెద్దక్క ఆ ల్యాబులో చేరిన నాటి నుంచి ఆయన ఆమెని కష్టజీవి అన్నారు, ఓపిక అంటే నీదేనన్నారు, నువ్వు లేకపోతే ఈ ల్యాబు నడవదన్నారు. హస్తవాసి అని ఎన్నడూ అనలేదు.

ఆ ప్రోటీను పెద్దక్కది. మాటవరసకి ల్యాబులో అందరిదీ గానీ, తెల్లారి లేస్తే దాని మొహం చూసేది ఆవిడే. రోగం తెచ్చే ఒక జాతి బాక్టీరియాకి ఒంటి నిండా సూదుల్లాంటివి ఉంటాయి. అది మన కణానికి ఆ సూది గుచ్చి, విషపు ప్రోటీన్ని లోపలికి ఎక్కిస్తుంది. సూది కన్నం మరీ సన్నం. ఉండలా ముడుచుకుపోయిన ప్రోటీను అందులో దూరదు. అందుకని విషం ముందే ముడుచుకుపోకుండా, దారిలో దేనికీ అంటుకోకుండా, దాన్ని పట్టుకుని సూది గుమ్మం దాకా దిగబెట్టే చిన్న ప్రోటీను ఇంకొకటి ఉంటుంది. పుస్తకాల్లో చాపరోన్ అని రాస్తారు. ల్యాబులో దాన్ని తోడు అంటారు. గుమ్మం దగ్గర విషం లోపలికి పోతుంది, తోడు బయటే నిలబడిపోతుంది.

ఈ తోడు తన విషాన్ని ఎలా పట్టుకుంటుందో ఎవరూ చూడలేదు. అది చూడటమే పెద్దక్క పని. ఆవిడకి స్ఫటికాలు రాలేదని కాదు. వచ్చేవి, దువ్వెనలో చిక్కుకున్న జుట్టు కుచ్చుల్లా. ఆకారం బొమ్మ తేలాలంటే స్ఫటికం గుండా ఎక్స్‌రే పంపాలి, అది తగలగానే ఇవి ఏ బొమ్మా ఇవ్వకుండా చచ్చిపోయేవి. కొత్తమ్మాయి వస్తూనే ఒక మాట చెప్పింది. విషం మొత్తం ఎందుకు, తోడు చుట్టూ చుట్టుకునే పట్టీ ఒక్కటి ఉంచుకుని మిగతాది కత్తిరించేద్దాం అంది. మీటింగులో పెద్దక్క నవ్వింది. కుక్కని వదిలేసి తోకని పెంచుకుంటానంటావా అని అడిగితే అందరూ ఘొల్లుమన్నారు. కొత్తమ్మాయి కూడా నవ్వి, మర్నాడు పోయి కత్తిరించుకుంది.

అదీ సంగతి. పైగా మాస్టారు అంతకుముందే తేల్చి చెప్పేశారు. వచ్చే ఏడాదికి ఒక్క ఉద్యోగమే ఖాయం చేయగలననీ, ఈ బొమ్మ తెచ్చి పరిశోధన పేపరు మీద మొదటి పేరు ఎవరిదవుతుందో ఆ చోటు వాళ్ళదేననీ. ఆ మాట అంటూ ఆయన చూసింది పెద్దక్క వైపే. కొత్తమ్మాయి అప్పటికి గాజుసామాను ఏ అలమరలో ఉంటుందో వెతుక్కుంటోంది. పెద్దక్క ఒప్పందం ఈ ఏడాదితో సరి. ఆ తర్వాత ఈ వయసులో ఇంకెక్కడికో పోయి, ఎవరి ల్యాబులోనో చేరి, మళ్ళీ అ ఆల నుంచి దిద్దుకోవాలి. ఆ పిల్లకేం, చదువే ఇంకా బోలెడుంది, ముందున్నదంతా వసంతకాలమే.

మిగిలిన రెండు స్ఫటికాల్నీ మర్నాడు కింది అంతస్తులో ఉన్న చిన్న ఎక్స్‌రే యంత్రం దగ్గరికి తీసుకెళ్ళారు. మధ్యదాన్ని సన్నటి ఉచ్చుతో ఎత్తుతుంటే నిలువునా చీలింది. చిన్నది నిలబడింది గానీ తెరమీద ఎక్స్‌రే మచ్చలు మసకమసగ్గా పడ్డాయి. యంత్రం చూసే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, జాతి మంచిదే, ఇంకాస్త పెద్దదైతే పని అయిపోయేదన్నాడు. కొత్తమ్మాయి పెద్దక్క వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, చూడకపోవడమే గుచ్చుకుంది.

ఊరవతల ఉన్న పెద్ద ఎక్స్‌రే యంత్రం దగ్గర వాళ్ళ వంతు వచ్చే వారమే. ఈలోగా స్ఫటికాలు మళ్ళీ పెంచుకుంటే చాలు. ఒకసారి వచ్చినవి రెండోసారి రావా అన్నారందరూ.

రాలేదు. అదే ప్రోటీను, అవే సీసాలు, అదే చల్లగది. చుక్కలన్నీ ఉత్త నీళ్ళలా తేటగా ఉండిపోయాయి. కొత్తమ్మాయి ఇంకో ప్లేటు పెట్టింది, ఆ పైన ఇంకోటి పెట్టింది. గంటకోసారి చల్లగదిలోకి పోయి, ముక్కు ఎర్రబడి తిరిగొచ్చేది. పెద్దక్కకి ఆ రెండు రోజులూ భోజనం మహా రుచిగా ఉంది. బల్ల తుడుస్తూ కూనిరాగం తీసింది కూడా. దొరికిపోతానని భయం వేసి మధ్యలో ఆపేసింది. నక్కతోక రోజూ దొరుకుతుందేమిటి అన్నాడు బాబాయి. ఆయనే వీళ్ళిద్దరికీ తోడికోడళ్ళని పేరు పెట్టాడు, ఒకే తోడు ప్రోటీను దగ్గర కాపురం చేస్తున్నారని. పెద్దక్క ఆ మాటకి పైకి నవ్వేది గానీ, చిన్నకోడలు వచ్చాక పెద్దకోడలి గతి ఏమవుతుందో ఆవిడకి తెలియనిది కాదు.

వారం చివర కొత్తమ్మాయి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, మీ మీసం" అంది.

స్టోరు కిటికీలోంచి బాబాయి ఎంత నవ్వాడంటే దగ్గు వచ్చి నీళ్ళు తాగాల్సి వచ్చింది. అది నిజంగా మీసమే, పెద్దక్క అత్తగారి పిల్లి రాల్చిన మీసం. నేల మీద కనబడినప్పుడల్లా ఆ పెద్దావిడ ఏరి కోడలికి దాచిపెడుతుంది. పెద్దక్క వాటిలో గట్టిదాన్ని పాత పెన్ను గొట్టం చివర అతికించి, చుక్కల్లో గీత గీయడానికి వాడుకుంటుంది. అంత సన్నగా, అంత బిరుసుగా ఉండే వస్తువు ఏ కంపెనీ వాడూ చేయలేడని ఆవిడ నమ్మకం.

కొత్తమ్మాయి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పెద్దక్క జ్వరంతో సెలవులో ఉన్నప్పుడు సొరుగులోంచి తీసుకుందట. ఆవిడ చుక్కల్లో దానితో గీయడం దూరం నుంచి చూసి ఉండటం వల్ల తనూ అలాగే గీసిందట. ఆ తర్వాత స్పిరిట్‌తో శుభ్రంగా కడిగి, అప్పట్నుంచీ కడిగే వాడుతోందట. ఇంతకాలం చెప్పనందుకు ఏమీ అనుకోవద్దంది.

నా మీసం పట్టుకుపోయి నా ముందే మీసం మెలేసిందన్నమాట, అనుకుంది పెద్దక్క. ఆ కోపంలో ఇంకేదీ బుర్రకెక్కలేదు. "అడిగి తీసుకోవాలి, తెలుసా" అని మాత్రం అని, మీసాన్ని లాక్కుని సొరుగులో పడేసి, ఆ సొరుగు వేసిన చప్పుడుకి తనే ఉలిక్కిపడింది.

ఇంటికి వెళ్ళాక ఆ కోపం గిన్నెల మీదికి మళ్ళింది. భర్త వంటగది గుమ్మం దాకా వచ్చి, పరిస్థితి చూసి, వచ్చిన దారినే పోయాడు. పెద్దక్క కనబడిన గిన్నెనల్లా తోమింది. ఖాళీ అయిందన్నది తోమింది, కాలేదన్నది ఖాళీ చేసి తోమింది. కాసేపటికి అత్తగారు పాలగిన్నె పట్టుకుని వచ్చి, అటూ ఇటూ వెతికి, కడిగి బోర్లించిన గిన్నెల ముందు ఆగింది.

"పెరుగు గిన్నె ఏదమ్మాయ్?"

"అదిగో, కడిగేశాను."

"ఊడ్చి కడిగేశావూ? పాలు కాచి చల్లార్చి తెచ్చాను. ఇప్పుడు తోడెక్కణ్ణుంచి తేను?" అత్తగారు గిన్నె ఎత్తి దీపం కేసి పెట్టి చూసింది. "అద్దంలా చేశావు. అడుగున కాస్త అంటి ఉన్నా సరిపోయేదే. కడిగిన గిన్నెలో పాలు పోస్తే పాలే ఉంటాయి తల్లీ, పెరుగెలా అవుతుంది?"

పెద్దక్క తడిచేతులతో అలాగే నిలబడిపోయింది.

ల్యాబులోనూ ఆ పనిని తోడు పెట్టడమనే అంటారు. ఆ పేరు పెట్టిందీ పెద్దక్కే. గీత గీయడంలో ఏ మహిమా లేదు. ముందు మీసాన్ని పాత స్ఫటికం మీద రాయాలి. కంటికి కనబడని పొడి దానికి అంటుకుంటుంది. దానితో కొత్త చుక్కలో గీస్తే ఆ పొడి చుట్టూ కొత్త స్ఫటికం పేరుకుంటుంది. కొత్తమ్మాయి చూసింది రెండో సగమే. జ్వరం వచ్చిన రోజు పెద్దక్క తన కుచ్చుల్ని నలిపి, మీసం రాసి, ఒళ్ళు తూలుతుంటే అలాగే కడక్కుండా సొరుగులో పెట్టి ఇంటికొచ్చేసింది. ఆ పిల్ల ఆ మీసంతో గీసింది. ఆ కడ్డీలు పెరిగింది పెద్దక్క స్ఫటికాల పొడి మీద. ఆ తర్వాత ఆ మహాతల్లి మర్యాద కొద్దీ కడిగింది, కడిగాక ఇంకేం వస్తాయి?

హస్తవాసి అట, హస్తవాసి.

పెద్దక్కకి నవ్వు ఆగలేదు. తోడు లేదు మొర్రో అంటుంటే ఇకిలిస్తుందేమిటీ పిల్ల, అనుకుంటూ అత్తగారు గిన్నె పట్టుకుని పక్కింటికి బయల్దేరింది.

మర్నాడు సెలవు. ల్యాబులో ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే ఏం చెప్పాలో దారిలోనే అనుకుని వచ్చింది గానీ అవసరం పడలేదు. తన పాత ప్లేటు తీసింది. కుచ్చులు అలాగే ఉన్నాయి, ఎప్పటిలా పనికిమాలిన కుచ్చులు. తన ప్రోటీనులో తోడు పెడితే మళ్ళీ కుచ్చులే వస్తాయని ఆవిడకి తెలుసు, ఆ పని చేసీ చేసీ విసిగిపోయింది. కావలసింది ఆ పిల్ల కత్తిరించిన ప్రోటీను. ఫ్రిజ్ తెరిచింది. మంచుపెట్టెలో కొత్తమ్మాయి చిన్న గొట్టాలు వరసగా ఉన్నాయి. ప్రతి మూత మీదా పెన్నుతో నవ్వుమొహం గీసి ఉంది. పెద్దక్క ఒకటి తీసుకుంది. అడిగి తీసుకోవాలి అన్న నోరు నిన్నటిదే. ఆ సంగతి గుర్తొచ్చి ఒకసారి ఆగింది కూడా, ఆగి మూత తీసింది.

కుచ్చుని సూదితో నలిపింది. స్పిరిట్ పోయేలా మీసాన్ని నీళ్ళలో ముంచి ఆరబెట్టి, నలిపినదాని మీద రాసింది. చుక్కలు పెట్టింది, ఇటు ప్రోటీను, అటు ఉప్పునీళ్ళు, రెండూ కలిసేలా మెల్లగా. ఒక్కో చుక్కలో ఒక్క గీత గీసి, ఆరిపోకముందే మూత అంటించింది. చేతులు వణకలేదు. వణికితే బాగుండునని ఎందుకో అనిపించింది.

తెల్లారి అందరికన్నా ముందు వచ్చి చూసింది. దాదాపు ప్రతి చుక్కలోనూ గీసిన గీత పొడుగునా కడ్డీలు, విత్తనాలు చల్లిన చాలులో మొలకల్లా. తను విరిచినదానికన్నా పెద్దవి కూడా ఉన్నాయి. పెద్దక్క మైక్రోస్కోపు మీంచి లేవలేకపోయింది. ఇన్నేళ్ళూ ఇవెక్కడ దాక్కున్నాయి? సంతోషంతో మొదటి చుక్క నుంచి మళ్ళీ చూసుకుంటూ వచ్చింది. వెంటనే, ఇవి ఆ పిల్ల ప్రోటీనులో తప్ప రానన్నాయి కదా అన్న మంట ఆ సంతోషాన్ని అక్కడికక్కడే తినేసింది.

ప్లేటు రెండు చేతులా పట్టుకుని మాస్టారి గదికి బయల్దేరింది. చెప్పాల్సిన మాట సిద్ధంగా ఉంది. ఆ మొదటి స్ఫటికాలు నా పొడి వల్ల వచ్చినవి, ఇవిగో, ఇప్పుడు నా చేత్తో పెంచాను. అంతే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గొట్టం సంగతి అడిగితే చూసుకోవచ్చు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కొత్తమ్మాయి గొంతు వినిపించింది.

"అవి నావి కావు మాస్టారూ. ఎంత ఆలోచించినా ఒకటే కనిపిస్తోంది. మీసం కడగక ముందు వచ్చాయి, కడిగాక రాలేదు. అక్క స్ఫటికాల పొడి దానికి అంటుకుని ఉండాలి. నేను గీత గీస్తే చాలనుకున్నాను." కాస్త ఆగి, "హస్తవాసీ లేదు ఏమీ లేదు. అక్కవి" అంది.

పెద్దక్క కాళ్ళు గుమ్మంలో ఉండిపోయాయి. కన్నం వేద్దామని వచ్చిన ఇంట్లో తలుపు తీసి, దీపం పెట్టి, రండి కూర్చోండి అన్నట్టుంది. వారం రోజులుగా ఆ పిల్లని తిట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఎన్నో కారణాలున్నాయి. ఒక్క మాటతో అన్నీ ఊడ్చిపెట్టుకుపోయింది. కనీసం అసూయపడేవాళ్ళకి కాస్త చెడ్డతనమైనా మిగల్చకూడదూ?

మాస్టారు ఆవిణ్ణి చూసి లోపలికి రమ్మన్నారు. ప్లేటు అందుకుని కిటికీ దగ్గరి మైక్రోస్కోపు కింద పెట్టి, చాలాసేపు చూశారు. ఇవి నీవేనా అని అడిగారు.

అవును అనడానికి నోరు తెరిచింది పెద్దక్క. కొత్తమ్మాయి ఆ ప్లేటు వంక చూస్తోంది, ఆకలేసినవాళ్ళు వడ్డించిన కంచం వంక చూసినట్టు. కానీ చెయ్యి చాపలేదు.

"తోడు నాది మాస్టారూ. పాలు ఈ అమ్మాయివి. నిన్న ఫ్రిజ్‌లోంచి అడక్కుండా తీసుకున్నాను" అంది పెద్దక్క. "పెరుగెవరిదో మీరే చెప్పండి."

మాస్టారు మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగారు. పెద్దక్కకి ఇక ఆగాలనిపించలేదు. ఆగితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు. కొత్తమ్మాయి వైపు తిరిగింది.

"ఆ రోజు విరవాల్సింది చిన్నదాన్ని. పెద్దదాన్ని విరిచాను. చెయ్యి జారి కాదు."

"తెలుసక్కా" అంది కొత్తమ్మాయి. "సూది చిన్నదాని దగ్గర ఆగడం చూశాను. ఇంటికెళ్ళి ఏడ్చాను."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, ఇద్దరి పేర్లూ వేద్దాం గానీ ముందు ఒకటే ఉంటుంది కదా అని గొణిగారు. ఆయన ఆలోచన ఎటు పోతోందో పెద్దక్కకి తెలుసు. తోడా, పాలా? తను ఏదైనా అనాలి. పెద్దదానిగా, ముందు తనే అనాలి. ఆ పిల్ల పేరు ముందుండనివ్వండి అనే మాట ఆవిడ నోటి దాకా వచ్చింది. వెనకే ఈ ఏడాదితో ముగిసే ఒప్పందమూ వచ్చింది.

"అక్క పేరు ముందు వేయండి" అంది కొత్తమ్మాయి. "నాకింకా టైముంది."

ఆ మాట కూడా ముందు ఆ పిల్లే అనేసింది.

వద్దని మర్యాదకైనా అనలేదు పెద్దక్క. ఒక్కసారి వద్దంటే మాస్టారు సరేనంటారేమోనని భయం. "సరే" అంది. ఆ చోటు ఇక తనదే, ఎన్నేళ్ళుగానో కోరుకున్న చోటు. అది తీసుకుంటూ కూడా లోపల మంట అలాగే ఉంది. కాకపోతే ఇన్నాళ్ళూ ఆ పిల్లకి చెయ్యి కలిసొచ్చినందుకు మండింది, ఇప్పుడు మనసు అంత పెద్దదైనందుకు మండుతోంది. మొదటిదే నయమనిపించింది.

పెద్ద యంత్రానికి ఇంకో ప్లేటు ఎక్కువుంటే మంచిదన్నారు మాస్టారు. ఇద్దరూ చల్లగదిలోకి వెళ్ళారు. పెద్దక్క సొరుగులోంచి మీసం తెచ్చి కొత్తమ్మాయి చేతికిచ్చింది. ఆ పిల్ల అలవాటు కొద్దీ స్పిరిట్ సీసా వైపు చెయ్యి చాపింది. పెద్దక్క ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"తోడు గిన్నె ఎవరైనా కడుగుతారటే?"

కుచ్చుని ఎలా నలపాలో, మీసం ఎంతసేపు రాయాలో, ఎంత తేలిగ్గా గీయాలో చూపించింది, రెండు సగాలూ. కొత్తమ్మాయి ఊపిరి బిగబట్టి మొదటి చుక్కలో గీసింది. గీత సన్నగా, తిన్నగా, చుక్క అంచు తాకకుండా ఆగింది. ఆ గీత పెద్దక్కకి ఎన్నాళ్ళకో కుదిరింది. ఆవిడ రెండో చుక్క చూసింది, మూడోది చూసింది.

"నీ చెయ్యి మంచిదే" అంది, పళ్ళ బిగువున.

చల్లగది ఫ్యాను రొదలో కొత్తమ్మాయికి వినబడలేదు. మైక్రోస్కోపులోంచి తల ఎత్తి, "ఏంటక్కా?" అని అడిగింది.

రెండోసారి అనడం పెద్దక్క వల్ల కాలేదు.

"ఏం లేదు. చుక్కలారిపోతున్నాయి, మూత పెట్టు" అంది.